కరిచే పిల్లికూన: ఒకే ఇంట్లో మూడు రకాల కాట్లు

2024 నవంబరు చివర్లో విజయవాడ మొగల్రాజపురం నుంచి ఒక కుటుంబం నాలుగు నెలల వయసున్న మగ పిల్లికూనను నా క్లినిక్‌కు తీసుకువచ్చింది. నారింజ రంగు చారల కూన, పేరు పండు. ఇంట్లో ఉండేది నలుగురు: ఇంటాయన, ఆయన భార్య, పదేళ్ల కొడుకు, ఇంటాయన తల్లి. కూన అందరినీ కరుస్తోందనీ, రక్కుతోందనీ, తిట్టినా కొట్టినా స్నానాల గదిలో పెట్టి తలుపు వేసినా మారకపోగా రోజురోజుకూ ఎక్కువవుతోందనీ చెప్పారు. బాబు రెండు చేతుల నిండా మానినవీ మాననివీ గీతలున్నాయి. మామ్మగారి కుడికాలి చీలమండ పైన రెండు లోతైన పంటి గాట్లు, వాటి పక్కనే గోళ్ల చారలు ఉన్నాయి. ఆవిడకు చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. "ఇంకొన్నాళ్లు చూస్తాం డాక్టరు గారూ, తగ్గకపోతే ఎవరికైనా ఇచ్చేయాల్సిందే" అన్నారు ఇంటాయన. కరిపించుకున్న మామ్మగారు మాత్రం అందుకు ఒప్పుకోలేదు. వరదలో బతికి బయటపడ్డ ప్రాణాన్ని మళ్లీ వీధిపాలు చేస్తే ఊరుకోనని కొడుకుతో నా ఎదుటే చెప్పారు.

కూన కరుస్తోందని వచ్చేవారిలో చాలామంది అది కోపిష్టిదనో, పొగరుబోతుదనో ముందే తీర్మానించుకుని వస్తారు. పండు విషయంలోనూ అదే జరిగింది. విడివిడిగా విచారించినప్పుడు తేలిందేమిటంటే, ఆ కూన ఇంట్లో ముగ్గురిని మూడు వేర్వేరు కారణాలతో కరుస్తోంది, వాటిలో ఏ ఒక్కటీ కోపం కాదు. పంటి గాటు చూడటానికి ఒకేలా ఉన్నా, కారణం వేరైనప్పుడు చేయవలసిన పని కూడా వేరుగా ఉంటుంది. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

ముందుగా మనుషుల గాయాలు

కూనను బల్లమీద పెట్టక ముందే మామ్మగారి కాలు చూశాను. గాయం మీద పసుపు అద్ది, గుడ్డ కట్టి ఉంది. పిల్లి కరిచినా రక్కినా పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి వంటివి అద్దడం మన ప్రాంతంలో ఇప్పటికీ మామూలే, కానీ అది ప్రమాదకరమైన అలవాటు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాల పాటు కడగాలి. రేబిస్ వైరస్‌ను గాయం దగ్గరే బలహీనపరిచే మొదటి చికిత్స అదే. ఆ తర్వాత వీలైనంత త్వరగా ఆసుపత్రికి వెళ్లాలి.

రేబిస్ కుక్కల వల్లనే వస్తుందని ఈ కుటుంబం అనుకుంటోంది. పిల్లి కాటు, పిల్లి రక్కు కూడా లెక్కలోకి వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి సంఘటనలను మూడు తరగతులుగా విభజించింది. గాయం లేని చర్మాన్ని జంతువు నాకడం, దాన్ని తాకడం మొదటి తరగతి, దానికి టీకా అవసరం లేదు. రక్తం రాని చిన్న గీతలు, చర్మం మీద చిన్నగా కొరకడం రెండో తరగతి, దానికి టీకా వేయించుకోవాలి. చర్మాన్ని చీల్చుకుని రక్తం వచ్చిన కాటు లేదా రక్కు మూడో తరగతి, దానికి టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు కూడా ఇవ్వాలి. మామ్మగారి గాట్లు మూడో తరగతికి చెందినవి, బాబు గీతలలో కొన్ని రెండోదానికి, కొన్ని మూడోదానికి చెందినవి. కూన తల్లి సంగతి తెలియదు, కూనకు అప్పటిదాకా ఒక్క టీకా కూడా పడలేదు. అందువల్ల ఇద్దరినీ ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి పంపించాను. చర్మపు పొరలో వేసే పద్ధతిలో మొదలుపెట్టిన రోజు ఒకసారి, ఆ తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు టీకా పడుతుంది. కరిచిన కుక్కనూ పిల్లినీ 10 రోజులు గమనించాలన్న నియమం ఉన్న మాట నిజమే. అయితే ఆ 10 రోజులూ ఆగి చూసి తర్వాత టీకా వేయించుకుందామని అనుకోకూడదు, టీకా మొదలుపెట్టిన తర్వాతే గమనించాలి.

రేబిస్ సంగతి పక్కన పెట్టినా, పిల్లి కాటును చిన్నదిగా చూడకూడదు. పిల్లి కోరలు సన్నగా, సూదుల్లా ఉంటాయి కనుక పైకి చిన్న రంధ్రమే కనిపిస్తుంది, నోటిలోని పాశ్చురెల్లా వంటి సూక్ష్మజీవులు మాత్రం లోపలి కండరం, కీలు దాకా చేరతాయి. ఒక రోజు గడవకుండానే వాపు, ఎరుపు, నొప్పి మొదలవుతాయి. చేతి కీళ్ల దగ్గర, మధుమేహం ఉన్నవారి పాదాల దగ్గర పడిన గాటును వైద్యుడికి చూపించకుండా ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదు.

కూన పరీక్ష

పండు బరువు 1 కిలో 200 గ్రాములు ఉంది, ఆ వయసుకు అది తక్కువ. బొచ్చులో గెంతే చిన్న పురుగులు, అంటే ఫ్లీలు కనిపించాయి. చెవులు శుభ్రంగా ఉన్నాయి, కీళ్లలోనూ పొట్టలోనూ నొప్పి లేదు. నోరు తెరిచి చూస్తే ముందు పళ్ల దగ్గర చిగుళ్లు ఎర్రబడి ఉన్నాయి. కూనలకు 26 పాలపళ్లు ఉంటాయి. మూడున్నర, నాలుగు నెలల వయసులో ముందు పళ్లు ఊడటం మొదలై, ఆరు, ఏడు నెలలకల్లా 30 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ కాలంలో కూన దొరికిన ప్రతి వస్తువునూ నమలాలని చూస్తుంది. పండు కాట్లకు పళ్లు మారడం ఒక్కటే కారణం కాదు కానీ, వాటిని పెంచుతున్న వాటిలో అదీ ఒకటి.

ఆ రోజే రేబిస్ టీకా, మూడు జబ్బులకు కలిపి వేసే టీకా మొదటి మోతాదు, నులిపురుగుల మందు ఇచ్చాను. ఫ్లీలకు పిల్లుల కోసం తయారైన చుక్కల మందు మెడ వెనుక వేశాను. కుక్కల కోసం కొన్న పురుగుల మందునే పిల్లికీ వాడదామని ఇంటాయన అడిగారు. పెర్మెత్రిన్ అనే పురుగులను చంపే రసాయనం కలిసిన కుక్కల మందులు పిల్లులకు విషంతో సమానం, వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. పిల్లులున్న ప్రతి ఇంట్లోనూ ఇది తెలిసి ఉండాలి.

ఆహారం గురించి అడిగినప్పుడు అసలు విషయం ఒకటి బయటపడింది. వారిది శాకాహార కుటుంబం. కూనకు ఉదయం పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి మళ్లీ పాలు పెడుతున్నారు. పిల్లి మాంసం మీదే బతికే జంతువు. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం తగినంతగా తయారు చేసుకోలేదు, అది ఆహారంలో లేకపోతే కాలక్రమంలో చూపు పోవచ్చు, గుండె కండరం దెబ్బతినవచ్చు. పైగా కడుపు నిండని పిల్లిలో వేటాడాలనే తహతహ పెరుగుతుంది, ఆ వేట ఇంట్లో కదిలే కాళ్ల మీదికీ చేతుల మీదికీ మళ్లుతుంది. ఇంట్లో మాంసం వండనవసరం లేకుండా, కూనల కోసం తయారైన దాణా రోజుకు నాలుగుసార్లు, కొద్దికొద్దిగా పెట్టమన్నాను. మామ్మగారు ముందు కొంత ఇబ్బంది పడ్డారు గానీ, కూన గిన్నెను వంటింట్లో కాకుండా వెనుక వరండాలో పెట్టుకుంటామని ఆవిడే మార్గం చెప్పారు.

కూన గతం

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు పొంగి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ వైపు కాలనీలు నీట మునిగినప్పుడు, ఇంటాయన మిత్రులతో కలిసి భోజనం పొట్లాలు పంచడానికి వెళ్లారు. ఒక అపార్ట్‌మెంట్ మెట్లమీద ఒంటరిగా అరుస్తున్న కూనను చూసి సంచిలో పెట్టుకుని తెచ్చారు. అప్పటికి కళ్లు బాగా తెరిచి ఉన్నాయి, తప్పటడుగులతో నడుస్తోంది, సన్నటి పళ్లు వచ్చాయి. దీన్నిబట్టి అప్పటి వయసు నాలుగు వారాలని అంచనా వేశాను.

ఈ వివరం ఈ కేసుకు మూలం. కూనలు నాలుగో వారం నుంచి తోడబుట్టిన వాటితో కలబడి ఆడుకోవడం మొదలుపెడతాయి. ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య ఆ ఆట జోరుగా సాగుతుంది. ఒకటి గట్టిగా కొరికితే రెండోది అరిచి ఆట మాని పక్కకు పోతుంది, మరీ హద్దు మీరితే తల్లి అడ్డుకుంటుంది. ఎంత బలంగా కొరికితే ఆట ఆగిపోతుందో కూన ఆ కొన్ని వారాలలో నేర్చుకుంటుంది. గోళ్లు లోపలికి ముడుచుకుని పంజాతో తట్టడం కూడా అక్కడే అలవడుతుంది. ఆ పాఠం మొదలయ్యే సమయానికే పండు తల్లికీ తోడబుట్టిన వాటికీ దూరమైంది. మనుషులు చేతితో పాలు పట్టి పెంచిన ఒంటరి కూనలు ఎక్కువగా కరవడానికి కారణం ఇదే. ఇది కూన స్వభావంలో ఉన్న లోపం కాదు, దానికి నేర్పేవాళ్లు లేకపోవడం.

కాట్ల పుస్తకం

సలహాలు ఇచ్చే ముందు ఒక వారం పాటు ప్రతి కాటునూ రాసిపెట్టమని కోరాను. ఎవరిని కరిచింది, ఏ వేళలో, ఇంట్లో ఏ చోట, అంతకు ముందు ఆ మనిషి ఏం చేస్తున్నారు, కూన చెవులు, తోక, కళ్లు ఎలా ఉన్నాయి, కరిచిన తర్వాత ఆ మనిషి ఏం చేశారు, కూన ఏం చేసింది అన్నవి రాయాలి. వీలైతే సెల్‌ఫోన్‌లో వీడియో తీయాలి. బాబు తన స్కూలు నోటుపుస్తకంలో చివరి పేజీలు ఇందుకు కేటాయించాడు. పెద్దలు రాసిన దానికంటే ఆ పిల్లవాడు రాసిందే ఎక్కువ ఉపయోగపడింది, ఎందుకంటే అతను కూన తప్పు చేసిందా లేదా అని తీర్పు చెప్పకుండా చూసింది చూసినట్లు రాశాడు.

ఆ పుస్తకాన్ని చూస్తే కాట్లు మూడు గుంపులుగా విడిపోయాయి.

బాబును కరిచినవన్నీ రాత్రి పడుకునే ముందు, మంచం మీద జరిగాయి. దుప్పటి కింద వేళ్లు కదిలించి, కూన దూకగానే నవ్వుతూ చేతిని లాక్కోవడం ఆ ఇంట్లో వరద రోజుల నుంచీ ఉన్న ఆట. ఐదు వారాల కూన చేతిని పట్టుకుని కొరికితే గిలిగింత పెట్టినట్లుంటుంది, ఇంట్లో అందరూ ముచ్చటపడతారు. అదే కూన నాలుగు నెలలకు పెరిగి అదే ఆట ఆడితే రక్తం వస్తుంది. ఆటను నేర్పింది మనుషులే, నియమాన్ని మధ్యలో మార్చిందీ మనుషులే, కూనకు ఆ మార్పు ఎవరూ చెప్పలేదు.

మామ్మగారిని కరిచినవి దాదాపు అన్నీ సంధ్యవేళలో, హాలు నుంచి పూజగదికి వెళ్లే దారిలో జరిగాయి. కోడలు తీసిన వీడియోలో ఇది స్పష్టంగా కనిపించింది. దివాన్ కాట్ కింద పండు పొట్ట నేలకు ఆనించి కూర్చుంది. చెవులు ముందుకు నిక్కి ఉన్నాయి, కనుపాపలు నల్లగా విప్పారాయి, తోక చివర మాత్రం మెల్లగా ఆడుతోంది. మామ్మగారు నూనె గిన్నె పట్టుకుని నడుస్తుంటే చీర అంచు నేలమీద అటూ ఇటూ ఊగుతోంది. ఆవిడ దివాన్ దాటిన క్షణంలో కూన నడుము రెండుసార్లు ఊపి, వెనుక నుంచి దూకి, ముందు కాళ్లతో చీలమండను కౌగిలించుకుని కొరికింది, వెనుక కాళ్లతో టపటపా తన్నింది. ఆవిడ కేక వేసి వంటింటివైపు పరుగెత్తారు, కూన కొంత దూరం వెంట తరిమి సోఫా ఎక్కింది. బుసకొట్టడం లేదు, వెంట్రుకలు నిక్కబొడుచుకోలేదు, చెవులు వెనక్కి వాలలేదు. పొంచి ఉండటం, తరమడం, దూకడం, పట్టడం, కొరకడం అన్న వేట వరుస అంతా అందులో ఉంది. కేక వేసి పరుగెత్తే కాలు ఆ కూనకు దొరికిన వాటిలోకెల్లా మంచి వేట. పిల్లులు వేకువన, మునిమాపు వేళ చురుకుగా ఉండే జంతువులు, దీపం పెట్టే వేళ సరిగ్గా ఆ సమయానికే వస్తోంది.

కోడలి సంగతి వేరు. ఆమె ఒడిలో కూర్చోబెట్టుకుని నిమురుతున్నప్పుడు, అప్పటిదాకా గురగురలాడిన కూన ఉన్నట్టుండి చేతిని కొరికేది. "ముద్దు చేస్తుంటే కరుస్తుంది, దీనికి విశ్వాసం లేదు" అని ఆమె బాధ. వీడియోలను నెమ్మదిగా నడిపించి చూస్తే, కాటుకు ముందు నాలుగైదు సంకేతాలు కనిపించాయి. గురగుర ఆగిపోయింది, వీపు మీద చర్మం అలలా కదిలింది, తోక ఒడి మీద కొట్టుకోవడం మొదలైంది, చెవులు పక్కలకు తిరిగాయి, తల ఒక్కసారి చేతివైపు తిప్పింది. ఇది ఆట కాదు, వేటా కాదు. చాలు అని చెప్పినా వినని చేతికి కూన చెప్పిన ఆఖరి మాట. ఆమె ఎక్కువగా పొట్ట మీద, తోక మొదట్లో నిమురుతోంది, చాలా పిల్లులు ఆ చోట్ల ఎక్కువసేపు తాకనివ్వవు. దానికి తోడు ఫ్లీల వల్ల తోక మొదలు దురదగా ఉంది. వారం వారం స్నానం చేయించడం వల్ల ఆమె చేతులంటే కొంత బెదురు కూడా ఏర్పడింది.

ఇంటాయనను కూన కరవలేదు, ఆయనను చూస్తే బీరువా వెనుక దాక్కునేది. చుట్టిన దినపత్రికతో కొట్టేది ఆయనే కనుక, అది క్రమశిక్షణ పనిచేస్తోందనడానికి రుజువని ఆయన అనుకున్నారు. నేను దాన్ని భయంగానే నమోదు చేశాను. దాక్కోవడానికి చోటు దొరకని రోజున ఆ భయమే కాటుగా మారుతుంది, భయంతో వేసే కాటు ఆటలో వేసే కాటుకంటే చాలా లోతుగా దిగుతుంది.

చేసిన మార్పులు

మొదటి నియమం నలుగురికీ ఒక్కటే. ఇంట్లో ఎవరి చెయ్యీ, ఎవరి కాలూ ఇకపై ఆటవస్తువు కాదు. ఈ నియమంలో మినహాయింపు ఉండకూడదు. పది సార్లలో తొమ్మిదిసార్లు ఆడనివ్వకుండా ఒక్కసారి ఆడనిస్తే, ఎప్పుడో ఒకసారి ఫలిస్తుందన్న ఆశతో కూన మరింత పట్టుదలగా ప్రయత్నిస్తుంది. ముగ్గురు పాటించి ఒకరు పాటించని ఇంట్లో శిక్షణ సాగదు.

రెండోది, వేటకు సరైన వస్తువు ఇవ్వడం. పొడవాటి వెదురు పుల్లకు తాడు కట్టి, తాడు చివర గుడ్డపేలిక బిగించారు. దానితో ఉదయం ఒకసారి, సంధ్యకు ముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి పది, పదిహేను నిమిషాలు ఆడించాలి. ఎలా ఆడిస్తున్నారన్నది ఎంతసేపు ఆడిస్తున్నారన్న దానికంటే ముఖ్యం. మొదట ఇంటాయన పేలికను కూన ముఖం ముందు ఊపుతూ ఉండేవారు, కూన వెనక్కి తగ్గేది. ఏ ఎలుకా పిల్లి ముఖం మీదికి రాదు. పేలిక కూనకు దూరంగా జరగాలి, కుర్చీ కాలు వెనుకకు పోయి ఆగాలి, కొద్దిగా కదిలి మళ్లీ ఆగాలి. కూనను పొంచి ఉండనివ్వాలి, దూకినప్పుడు రెండు మూడుసార్లకు ఒకసారి తప్పక దొరకనివ్వాలి. చివర్లో వేగం తగ్గించి, పట్టుకోనిచ్చి, వెంటనే దాణా గిన్నె పెట్టాలి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర అన్నది పిల్లికి సహజమైన వరుస, దీపం వేళకు పండు ఆ వరుసలో నిద్ర దగ్గర ఉండేలా సమయం కుదిర్చాం.

ఆట అయ్యాక పుల్లనూ తాడునూ బీరువాలో పెట్టి తీరాలని గట్టిగా చెప్పాను. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలివైపుకు వంగి ఉంటాయి, నోట్లోకి వెళ్లిన దారాన్ని అది సులభంగా ఉమ్మలేదు. మింగిన దారం పేగులను ముడుచుకుపోయేలా లాగి, ఆపరేషన్ దాకా తెస్తుంది.

వెనుక కాళ్లతో తన్నుతూ కొరికే ఆట కోసం పాత సాక్సులో గుడ్డలు కుక్కి, కూన శరీరమంత పొడవున కుట్టి ఇచ్చారు. చిగుళ్ల బాధకు, శుభ్రమైన గుడ్డను తడిపి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి మనుషులు చూస్తుండగా నమలనివ్వమన్నాను.

ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనాన్ని ఇంటాయనకు వివరించాను. బయట తిరిగి వేటాడే పెంపుడు పిల్లులతో రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడితే అవి ఇంటికి తెచ్చే వేట 25 శాతం తగ్గింది, మాంసం నుంచి మాంసకృత్తులు దండిగా అందే ఆహారం పెడితే 36 శాతం తగ్గింది. ఆ పరిశోధన మనుషులను కరిచే కూనల గురించి కాదు. అయినా ఆటా తిండీ వేట తహతహను తగ్గిస్తాయన్న విషయం ఆయనకు లెక్కలతో చెప్పినప్పుడు నమ్మకం కుదిరింది, దినపత్రికను ఆయనే పక్కన పెట్టారు.

మూడోది, కరిచినప్పుడు ఏం చేయాలన్నది. చెయ్యి లాక్కోకూడదు, లాగితే గీత లోతవుతుంది, వేట పారిపోతోందన్న ఉత్సాహమూ పెరుగుతుంది. చేతిని కదలకుండా బిగబట్టి, వీలైతే కూనవైపే కొంచెం నెట్టాలి. ఎదురు వచ్చే వేటను చూసి కూన తికమకపడి పట్టు వదులుతుంది. వదలగానే మాట్లాడకుండా, కళ్లలోకి చూడకుండా లేచి గదిలోంచి ఒకటి రెండు నిమిషాలు వెళ్లిపోవాలి. అంటే తోడబుట్టిన కూన చేయవలసిన పనిని మనిషి చేయాలి. కేకలు, ముక్కు మీద కొట్టడం, నీళ్లు చల్లడం, మెడ పట్టుకుని ఎత్తడం అన్నీ ఆపించాను. శిక్ష వల్ల కూన నేర్చుకునేది కరవకూడదని కాదు, ఆ మనిషి దగ్గరకు రాకూడదని.

మామ్మగారికి ఈ పద్ధతి పూర్తిగా పనికిరాదు. మధుమేహం ఉన్న కాలిని కరుస్తుంటే బిగబట్టి నిలబడమని చెప్పడం సరికాదు కనుక, ఆవిడ విషయంలో కాటు జరగకుండా చూడటమే మార్గంగా పెట్టుకున్నాం. దివాన్ కింద ఖాళీని పాత సూట్‌కేసులతో మూసేశారు. పూజకు వెళ్లేటప్పుడు ఇంట్లో చెప్పులు వేసుకోవడం ఆవిడకు కుదరదు, మందపాటి నూలు సాక్సులకు ఒప్పుకున్నారు. లాగితే దానంతట అదే ఊడిపోయే రకం పట్టీకి చిన్న మువ్వ కట్టి కూన మెడకు వేశారు, దానితో కూన ఎక్కడ పొంచి ఉందో తెలుస్తుంది. ఊడని పట్టీ కిటికీ ఊచకో కొమ్మకో తగులుకుంటే ఉరి అవుతుంది కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. వీటన్నిటికంటే బాగా పనిచేసింది పింగ్‌పాంగ్ బంతి. హాలు దాటే ముందు ఆవిడ కొంగున ఉన్న బంతిని తన దారికి ఎదురు దిక్కున దొర్లించేవారు, కూన దాని వెంట పరుగెత్తేది, ఆవిడ నిదానంగా పూజగదిలోకి వెళ్లేవారు.

కోడలికి చెప్పినది తక్కువగా నిమరమని. కూన తానుగా వచ్చి తల రుద్దినప్పుడే, బుగ్గల మీద, గడ్డం కింద, చెవుల మధ్య మాత్రమే మూడుసార్లు నిమిరి చెయ్యి తీసేయాలి. కూన మళ్లీ తల చాస్తే ఇంకో మూడుసార్లు, చాచకపోతే అంతటితో ఆపాలి. స్నానాలు మాన్పించాను, ఇంట్లో ఉండే ఆరోగ్యమైన పిల్లికి అవి అవసరం లేదు. ఆ తర్వాత పాదాలు తాకడం అలవాటు చేశాం. ఒక పాదాన్ని ఒక్క క్షణం పట్టుకుని వదిలి, ట్యూబులో వచ్చే మెత్తని తిండి కొంచెం నాకించాలి. కొన్ని రోజుల తర్వాత గోరు బయటికి వచ్చేలా వేలిని మెల్లగా నొక్కాలి. ఆ తర్వాతే ఒక గోరు, లోపల కనిపించే గులాబీ రంగు భాగం తగలకుండా కొన మాత్రమే కత్తిరించాలి. ఒక్కరోజులో అన్ని గోళ్లూ తీయాలనుకుంటే చేసిన పని అంతా వెనక్కి పోతుంది.

గోళ్లు గీసుకోవడానికి, కూన ఒళ్లు పూర్తిగా సాచినా అందనంత ఎత్తున్న చెక్క స్తంభానికి కొబ్బరి తాడు బిగించి చుట్టి, సోఫా పక్కనే నిలబెట్టారు. ఎవరికీ కనపడని మూలలో పెడితే పిల్లి దాన్ని వాడదు. గోళ్లను శాశ్వతంగా తీసేసే ఆపరేషన్ ఉంటుందటగా అని ఇంటాయన అడిగారు. అది గోళ్లు తీయడం కాదు, వేళ్ల చివరి ఎముకలు కోసేయడం. చాలా దేశాలు దాన్ని నిషేధించాయి, నేను చేయను. గోళ్లు లేని పిల్లికి ఆత్మరక్షణకు మిగిలేవి పళ్లే కనుక కాట్లు పెరిగే ప్రమాదం కూడా ఉంది.

తర్వాత జరిగినది

మొదటి వారంలో బాబు మీద దూకడం పెరిగింది. దీన్ని ముందే చెప్పి ఉంచాను. అంతవరకు పనిచేసిన పద్ధతి పనిచేయడం మానినప్పుడు, వదిలేసే ముందు కూన దాన్నే మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. చాలా ఇళ్లలో ఈ దశలోనే విసిగి, ఇది మనకు పనికిరాదని పాత పద్ధతికి వెళ్లిపోతారు. ఈ కుటుంబం నిలబడింది, ముఖ్యంగా బాబు. కూన దూకగానే లేచి, నోటుపుస్తకం పట్టుకుని వరండాలోకి వెళ్లి సమయం రాసుకునేవాడు. డిసెంబరు రెండో సగానికి, చేతిని పళ్లతో పట్టుకున్నా ఒత్తకుండా వదిలేయడం కనిపించింది. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన గుర్తు అది. కరవకపోవడం కన్నా ముందు, ఎంత బలంతో కరవాలో తెలియడం వస్తుంది. తల్లి దగ్గర నేర్వని పాఠం ఆలస్యంగానైనా మొదలైందనడానికి అది రుజువు.

కోడలి చేతి మీది కాట్లు ఫ్లీల మందు వేసిన రెండు మూడు వారాలలోనే దాదాపు ఆగిపోయాయి. మామ్మగారి విషయం నెమ్మదిగా సాగింది. సంధ్యకు ముందు ఆట తప్పిన రోజున దాడి తప్పేది కాదు, ఆట జరిగిన రోజున బంతితో సరిపోయేది. ఈ తేడాను పుస్తకంలో చూసిన తర్వాత ఇంటాయన ఆఫీసు నుంచి వచ్చీ రాగానే పుల్ల తీయడం అలవాటు చేసుకున్నారు. దానితో ఆయనంటే ఉన్న భయం కూడా తగ్గింది.

2025 సంక్రాంతికి వెనకడుగు పడింది. గుంటూరు నుంచి బంధువుల పిల్లలు వచ్చారు, ఎవరు చెప్పినా వినకుండా దుప్పటి కింద చేతులు ఆడించారు, కూన ఒక పాప ముంజేతి మీద రక్తం వచ్చేలా రక్కింది. ఆ పాపకూ గాయం కడిగించి, టీకా మొదలుపెట్టించారు. కూనకు టీకా పడిందని చెప్పి పాపకు మానేయడం సరికాదని నేను ముందే చెప్పి ఉంచాను. మిగిలిన పండుగ రోజుల్లో పండును తిండి, నీళ్లు, మట్టి తొట్టితో వెనుక గదిలో ఉంచారు. గాలిపటాల దారం ముక్కలు ఇంట్లో ఎక్కడా లేకుండా ఊడ్చారు. పండుగ తర్వాత పాత స్థితికి రావడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టలేదు.

రెండో కూనను తెచ్చుకుంటే సమస్య తీరుతుందా అని మధ్యలో అడిగారు. ఒంటరి కూనకు దాదాపు తన వయసే ఉన్న తోడు దొరికితే కాటు బలాన్ని అదుపు చేసుకోవడం చాలా వేగంగా వస్తుంది, ఇంకా చిన్న వయసులో వచ్చిన కేసులకు నేను అదే సూచిస్తాను. ఈ ఇంట్లో మామ్మగారి ఆరోగ్యం దృష్ట్యా, రెండు కూనలు కాళ్ల మధ్య తిరిగితే పడిపోయే ప్రమాదం ఉందని వద్దన్నాను.

మార్చిలో పండుకు సంతాన నిరోధక ఆపరేషన్ చేశాను. దానివల్ల కాట్లు ఆగుతాయని ఆశించవద్దని కూడా చెప్పాను. మగ పిల్లుల కొట్లాటలు, మూత్రం చిమ్మడం, ఇల్లు వదిలి తిరగడం తగ్గుతాయి కానీ, ఆటలో కరవడం నేర్పితేనే పోతుంది.

ఏప్రిల్ నాటికి శాశ్వత దంతాలన్నీ వచ్చాయి, బరువు వయసుకు తగినట్లు ఉంది. సంక్రాంతి తర్వాత రక్తం వచ్చిన గాయం ఒక్కటీ పుస్తకంలో లేదు. వేకువన దుప్పటిలో కదిలే పాదాల మీద దూకడం మాత్రం అప్పుడప్పుడూ ఉంది, అందుకు రాత్రి ఆటను ఇంకొంచెం ఆలస్యంగా, పడుకోవడానికి సరిగ్గా ముందుకు జరిపించాను. గోళ్లు ఇప్పుడు కోడలే తీస్తోంది. కొత్త మనుషులు ఎత్తుకోవడానికి పండు ఇంకా ఒప్పుకోదు, క్లినిక్ బల్లమీద నన్ను చూసి బుసకొడుతుంది. నవంబరులో రేబిస్ టీకా రెండో విడత వేయాలి కనుక, అప్పటిలోగా బుట్టలో తానుగా ఎక్కి కూర్చోవడం, తువ్వాలు కప్పితే కదలకుండా ఉండటం అలవాటు చేసే పని ఇంట్లో మొదలుపెట్టించాను. బుట్టను హాల్లోనే తెరిచి ఉంచి, రాత్రి దాణా గిన్నె అందులోనే పెడుతున్నారు.